గడ్డి పీకడానికి తిరుపతి

తిరుపతి వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ లడ్డూ కోసం చెయ్యి చాపారు. తేలేదన్నాను. దర్శనం ఎలా జరిగిందని అడిగారు. కొండ ఎక్కలేదన్నాను. మరి ఆ ఎండల్లో అంత దూరం ఎందుకు వెళ్ళినట్టని ఎదురింటి సత్యవతి నిలదీస్తే, "గడ్డి పీకడానికి" అని ఉన్నమాటే చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మాది కోనసీమ. ఇంటి ముందు పంటకాలవ, వెనక కొబ్బరితోట. మా వైపు గడ్డిని ఎవరూ పెంచరు, అడక్కుండానే పెరుగుతుంది. వానాకాలంలో దాన్ని కోయించడానికి కూలి ఇస్తాం. అలాంటి చోట పుట్టి, బడిలో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని. ఇంటి ముందు గడ్డి ఎండిపోతోందని ఒక మనిషి ఫోన్లో ఏడిస్తే మొదట చిరాకే వేసింది.

ఏడ్చింది సుగుణ. బి.ఇడి. చదివేటప్పుడు తిరుపతి హాస్టల్లో మాదిద్దరిదీ ఒకే గది. తను చిత్తూరు పిల్ల. భర్త దామోదరం గారు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. రేణిగుంట వైపు ఊరి చివర ఇల్లు కట్టుకుని, ముందు ఉన్న జాగా అంతా లాన్ వేయించుకున్నారు.

"నువ్వు మొక్కలు తెలిసిన దానివి గదా, ఒకతూరి రామ్మే. లాన్ తీసేసి ఏం ఏసుకోవచ్చో సూసి చెప్పు. ఆయన ఒప్పుకునేటట్ల చెప్పాల" అంది.

మే నెల. వెళ్ళాను.

తిరుపతి

స్టేషన్ నుంచి ఆటోలో వెళ్తుంటే కొండలు చాలా దగ్గరగా, పొగ పట్టినట్టు కనిపించాయి. దారంతా నీళ్ళ ట్యాంకర్లు. వెనక గొట్టం లోంచి కారుతున్న నీటి గీత తారు రోడ్డు మీద పడుతూనే ఆరిపోతోంది. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి తప్ప నేను ట్యాంకరు చూడలేదు.

సుగుణ ఇంటి గేటు తీయగానే లాన్. అంచులన్నీ పాత చాపలా పసుపుపచ్చగా మాడిపోయి, నడుమ ఒక పట్టీ మాత్రం పచ్చగా ఉంది. ఆ పట్టీ మీద దామోదరం గారు చెప్పుల్లేకుండా నడుస్తున్నారు. ఎడమ చెయ్యి ఛాతీకి ఆనించుకుని, ఎడమ కాలు ఈడుస్తూ. పక్కనే ఆయన్ని చూసుకునే రమణ, పడితే పట్టుకోవడానికి చేతులు చాచి నడుస్తున్నాడు.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట చాలావరకు తిరిగొచ్చింది. కాలు సగమే వచ్చింది. ఇంట్లో నున్నటి టైల్స్ మీద నడవబోయి పడి పన్ను విరగ్గొట్టుకున్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి గడ్డి మీద నడవమంది. మెత్తగా ఉంటుంది, పడినా దెబ్బ తగలదు, అరికాలికి స్పర్శ తెలుస్తుంది. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం ఆయనకి లాన్ తప్ప వేరే లోకం లేదు.

"వచ్చినారా అమ్మా," అన్నారు నన్ను చూసి. ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు. "మా పచ్చిక సూసినారా."

చూశానన్నాను. 

సాయంత్రం నాలుగవుతుండగా ప్రహరీ గోడ అవతల నుంచి ఆడగొంతు. "సుగుణమ్మా, నీళ్ళు వదల్తావా?"

సుగుణ వెళ్ళి కొళాయి తిప్పింది. గోడ మీదుగా అవతలికి ఒక రబ్బరు పైపు వేలాడుతోంది. అది కాసేపు గాలి కక్కింది, తరువాత దగ్గినట్టు నీళ్ళు వదిలింది. అవతల ఆవులు తాగుతున్న చప్పుడు. నేను చుట్టూ తిరిగి వెళ్ళాను.

రేకుల కొట్టంలో రెండు జెర్సీ ఆవులు. వాటి పక్కన మునెమ్మ. మా వయసుదే గాని ఎండిపోయి పెద్దదానిలా ఉంది. భర్త పోయాక ఆ రెండు ఆవుల పాల మీదే బతుకుతోంది.

"మీరేనా కోస్తా నుంచి వచ్చినామె?" అంది. "మీ ఊర్ల ఆవులు కాలవలో దిగి తాగతాయంట గదా, నిజమేనా?"

"నిజమే."

ఆమె తొట్టిలో పైపు సర్దింది. "మా ఆయన ఉండంగా ఏసిన బోరు ఒకటి ఉన్నింది మాకు. ఈళ్ళు ఇల్లు కట్టి ఇంకా లోతుకి ఏసినారు. ఆ ఎండాకాలమే మాది గాలి కొట్టింది. నేనేమీ అనల్యా. ఈళ్ళ జాగా, ఈళ్ళ డబ్బు. సుగుణమ్మ మంచిది, తనే పైపు ఏసింది. ముందర ఆ లాన్ కసువు కోసినప్పుడంతా నా ఆవులకే ఏసేవోళ్ళు. నేనూ సంతోషపడినా. ఇప్పుడు కసువు తాగేదీ ఆవులు తాగేదీ ఒకటే నీళ్ళయిపొయినాయి."

అదీ అసలు సంగతి. సుగుణ వాళ్ళ బోరు కూడా చివరికొచ్చింది. కాసేపు పోసి ఆగిపోతుంది, మళ్ళీ ఊరడానికి పూటంతా పడుతుంది. ఇంటి వాడకం పోను మిగిలేది లాన్‌కైనా సరిపోతుంది, ఆవులకైనా సరిపోతుంది. రెంటికీ చాలదు. ఆవుల బేరగాడు మునెమ్మ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర సుగుణ మాట ఎత్తింది. దామోదరం గారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

"నేను యాడ నడవాల?" అన్నారు.

సుగుణ ఆయన కంచంలో మజ్జిగ పోసింది.

"మెత్తగా ఉండేది, పడినా దెబ్బ తగలనిది సూపించండి. సూపిస్తే నేనే పీకిస్తా. కంకర వద్దు. ముళ్ళు వద్దు. అంతదాకా దాన్ని తాకొద్దు."

న్యాయంగానే అనిపించింది. నగరిలో తనతో పనిచేసిన పంకజం ఇంట్లో నీళ్ళు లేకుండానే పెరిగే ఏదో ఆకు ఉందని, చిత్తూరు దగ్గర తన మేనమామ వాకిలి కూడా చూడదగ్గదేనని సుగుణ చెప్పింది. పొద్దున్నే బయల్దేరాం. పోతూ పోతూ సుగుణ గోడ దగ్గర ఆగి, "మునెమ్మా, నేనొచ్చేదాకా ఆవుల్ని అమ్మొద్దు. రెండు దినాలే" అంది.

"రెండు దినాలే గదా. ఆగతా" అంది మునెమ్మ.

పుత్తూరు

నగరికి బస్సు మారాలని మెట్టు దిగుతూ పడ్డాను. చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడ్డాయి, చెయ్యి నేలకి ఆనించాను, మణికట్టు వాచింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే సుగుణ నవ్వుతోంది.

"పడేదానికి ఇంతకంటే మంచి ఊరు దొరకదు గదమ్మే నీకు" అంది.

ఎముకలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో పుత్తూరు వస్తారు. మేం వెళ్ళేటప్పటికే వరండా నిండా జనం. చేతులు మెడకి వేలాడదీసుకున్న వాళ్ళు, మంచాల మీద మోసుకొచ్చిన వాళ్ళు. ఆకు పసరు వాసన, కోడిగుడ్డు వాసన. మా వైపైతే ఇంతమంది ఒకచోట చేరితే ఎవరి రోగం వాళ్ళు గట్టిగా చెప్పుకుంటారు. ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదు.

నా పక్కన కూర్చున్నాయన పేరు సెల్వం. నలభై దాటి ఉంటాయి. కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. బోర్లు వేసే లారీలో పని. ఊరు తమిళనాడులో తిరుచెంగోడు పక్కన. బోరు గొట్టం జారి చేతి మీద పడిందట. ఏళ్ళ తరబడి ఈ వైపే తిరుగుతున్నాడు కాబట్టి తెలుగు వచ్చు.

"ముందు అంతా తడి మట్టి వస్తాదమ్మా, కొంచెం లోతుకి పోతానే" అన్నాడు. "ఇప్పుడు పొడే. పౌడరు మాదిరి. ముక్కులో, నోట్లో, చెవిలో నిండా రాయిపొడి. అన్నం తింటే కరకర అంటాది."

"నీళ్ళు పడకపోతే ఏమంటారు?"

"కొందరు తిడతారు. కొందరు ఇంకా రవంత పో, ఇంకా రవంత పో అంటారు. ఒకామె లారీ చక్రానికి మొక్కింది. మాకు ఎంత లోతుకి పోతే అంత కూలి. ఐనా ఆ పొడి సూస్తే మాకూ గుండె జారతాదమ్మా."

అతను ఎడమ చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఒక వీధిలో ఒకరికి ఏస్తాం. నీళ్ళు పడతాది. కొంచెం దినాలకి పక్కింటాయన ఫోన్ చేస్తాడు, నాది ఎండిపోయింది రా అని. ఆయనకి ఇంకా కిందకి ఏస్తాం. మళ్ళా మొదటాయన పిలుస్తాడు. మేం ఆ వీధిలోనే తిరగతా ఉంటాం."

సుగుణ ముఖం పక్కకి తిప్పుకుంది. మేం ఎక్కడికి పోతున్నామని అతను అడిగాడు. ఇంటి ముందు గడ్డికి బదులు ఏం వేయాలో చూడ్డానికని చెప్పాను.

"గడ్డి కోసం కూడా ఏసినామమ్మా. నీళ్ళు పడతానే ఇల్లుగలాయన మొదట గడ్డికే పట్టినాడు. పట్టి ఫోటో తీసుకున్నాడు. నేనే తీసినా ఆ ఫోటో."

ఇంతలో లోపలికి పిలిచారు. నాది విరగలేదు, బెణికింది. పసరు రాసి, గుడ్డ చుట్టి, వెదురు దబ్బ ఒకటి ఆనించి కట్టారు. ఆటోకి ఇచ్చినంత కూడా తీసుకోలేదు. బయట మెస్సులో అన్నం, చింతపండు రసం, వంకాయ పులుసు. గ్లాసులో నీళ్ళు సగమే పోశారు. అడిగితే మిగతా సగం పోశారు. మా వైపు కూర్చోగానే చెంబెడు నీళ్ళు పెడతారు, తాగినా తాగకపోయినా. ఆ సగం గ్లాసు ముందు నేను కొంచెం తడబడ్డాను.

నగరి

నగరిలో పంకజం ఉండే వీధిలో మాట వినపడాలంటే దగ్గరికి జరగాలి. రెండు వైపులా మరమగ్గాలు. ఆమె సుగుణతో పాటు బళ్ళో పనిచేసి రిటైరైంది. ఇంట్లో సగం తమిళం, సగం తెలుగు.

"వాంగమ్మా, వాంగ" అని లోపలికి తీసుకెళ్ళి, మజ్జిగ ఇచ్చి, నా చేతి కట్టు చూసి నొచ్చుకుని, పెరట్లోకి నడిపించింది.

పెరడంతా ఒకే ఆకు. నేలకి అంటుకుని, ఒక అంగుళం కూడా లేవకుండా, గణుపు గణుపుకీ వేరు దింపుకుంటూ పాకింది. చిన్న ఆకులు, అంచులకి రంపపు పళ్ళు. మధ్య మధ్య గుండుసూది తలకాయలంత తెల్లటి పూలు. అంత ఎండలోనూ బతికే ఉంది. కొంచెం ఎర్రబారింది, అంతే.

వంగి ఒక రెమ్మ తుంచాను. ఇది నాకు తెలుసు. బొక్కెనాకు. మా కాలవ గట్ల మీద మేకలు తొక్కుకుంటూ పోయే ఆకు. దీన్ని చూడ్డానికి నేను ఆంధ్రదేశం ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చాను.

"మేం పొడుదలై అంటాం" అంది పంకజం. "చుండ్రుకి నూనెలో కాస్తాం. దీనికి వేరే నీళ్ళు ఎందుకు? స్నానం నీళ్ళు పోతాయి గదా, అదే. సబ్బు జాస్తి అయితే మాడతాది, చూసుకోవాల. ఎండకి ఎర్రబడతాది, సావదు."

చెప్పులు విప్పి నడిచాను. లాన్ అంత మెత్తన కాదు గాని, పడితే మోకాలు చెక్కుకుపోదు. పంకజం వెనకే వచ్చింది. "పూల మీద చిన్న చిన్న తేనెటీగలు వాల్తాయి. చెప్పుల్లేకుండా నడిచే మనిషికయితే పూలు కోసెయ్యండి. మా ఆయనకి ఒకతూరి కుట్టినాయి."

"ఆయన లేరా?" అని అడిగాను.

"చెన్నైలో. అపార్టుమెంటు వాచ్‌మన్." ఆమె పెరట్లో ఒక మూల చూపించింది. అక్కడ ఆకు మరీ దట్టంగా ఉంది. "అక్కడ మగ్గం గుంట ఉన్నింది. వాళ్ళ నాయన నేసినాడు, ఈయన నేసినాడు. మగ్గం అమ్మేసినాక ఆ గుంట పూడ్చినాం. పూడ్చినా ఆ చోటు తెలస్తానే ఉన్నింది. పొద్దున లేస్తే ఈయన అక్కడే నిలబడేవాడు. అది కనపడకుండా ఉండాలనే ఏసినా ఈ ఆకు. తోట కోసరం కాదు."

తన చేత్తోనే రెమ్మలు కోసి తడి గోనెలో చుట్టి ఇచ్చింది. ఆ రాత్రి ఆమె ఇంట్లోనే ఉన్నాం. మగ్గాల చప్పుడుకి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఇంటి వాళ్ళకి చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుందట.

చిత్తూరు

సుగుణ మేనమామ గోవిందప్ప ఇల్లు చిత్తూరుకి ఇవతలే. మామిడితోట మధ్యలో ఇల్లు అని సుగుణ దారిపొడుగునా చెప్పింది. వెళ్ళి చూస్తే తోటకి ఒక పక్క మొదళ్ళే మిగిలాయి.

"ఎండినవి కొట్టేసినా" అన్నాడాయన మా చూపు గమనించి. "బోరు మీద బోరు ఏసి ఏసి మానుకున్యా. ఉండేవాటికి మాత్రం ట్యాంకరు తోలిస్తా, కాయ నిలబడే దినాల్లో."

ఆయన వాకిలి చూడ్డానికే వచ్చాం. ఇంటి చుట్టూ మందంగా ఇసుక, ఇసుక మీద అంతకంటే మందంగా చెనక్కాయ పొట్టు. మేం వేరుశనగ అంటాం, వాళ్ళు చెనక్కాయ అంటారు. నూనె మిల్లు వాళ్ళు దాదాపు ఊరికే ఇస్తారట. పొట్టు కింద ఇసుక వేలితో తీస్తే చల్లగా, తడిగా తగిలింది. ఆ తడి మీద దొడ్లో తంగేడు, కలబంద, కనకాంబరాలు బతుకుతున్నాయి. నేను కట్టు చెయ్యి పైకెత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక కాలు ఈడుస్తూ నడిచి చూశాను. కావాలని మోకాళ్ళ మీద పడ్డాను. గోవిందప్ప కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. దెబ్బ తగల్లేదు.

"ఇదే" అంది సుగుణ. నేను వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ముఖంలో లేని వెలుగు ఒకటి అప్పుడు చూశాను. "కింద ఇసక, పైన పొట్టు, అంచులకి పంకజం ఆకు. ఆయన ఒప్పుకుంటాడు. ఒప్పుకోక యాడ పోతాడు."

భోజనానికి రాగి సంగటి, ఊరుబిండి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిర్చి, చింతపండు వేసి రోట్లో నూరిన పచ్చడి అది. మేం అన్నం ముద్ద నమిలి తింటాం, సంగటి ముద్ద నమలకూడదట, మింగాలట. నేను నమిలాను. గోవిందప్ప భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిన్నాక ఆయన మమ్మల్ని తోట చివరికి తీసుకెళ్ళాడు. కంచె అవతల ఇదివరకు ఆయన అన్నదమ్ముల తోట. ఇప్పుడు ఇళ్ళ స్థలాలు. ఒక్క ఇల్లూ లేవలేదు. గేటు దగ్గర మాత్రం పెద్ద కమాను, దాని కింద కళ్ళు చెదిరేంత పచ్చగా ఒక లాన్. ఒకాయన ట్యాంకరు పైపుతో దాన్ని తడుపుతున్నాడు. కంచెకి ఇవతల మామిడి చెట్టు ఆకులు దోసిట్లో పట్టి నలిపితే పొడి అవుతున్నాయి.

"గేటు కాడ పచ్చగా ఉంటేనే కొనేవాళ్ళు కారు దిగతారంట" అన్నాడు గోవిందప్ప. కోపంగా అనలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు అన్నాడు.

అక్కడే నిలబడి ఉండగా సుగుణ ఫోన్ మోగింది. మునెమ్మ. ఆమె ఎప్పుడూ ఫోన్ చేయదట. గొంతు పక్కనున్న నాకూ వినపడింది.

"సుగుణమ్మా, మీ మోటారు పొద్దున్నుంచీ తిరగతానే ఉండాది. పైపులో గాలి వస్తా ఉండాది. పిలిస్తే ఎవురూ పలకల్యా. ఆపమని చెప్పు తల్లీ, కాలిపోతాది."

సుగుణ రమణకి చేసింది. రమణ నీళ్ళు నములుతూ చెప్పాడు. "సారే ఆపొద్దన్న్యాడమ్మా. మీరొచ్చేలోపల లాన్ అంతా పచ్చగా అయితే ఇంక మీరు పీకరని... నేను చెప్పినా వినల్యా. ఇప్పుడే అదే ఆగిపోయింది. వాసన వస్తా ఉండాది."

మళ్ళీ తిరుపతి

గోవిందప్ప ఒక కారు మాట్లాడి, పొట్టు మూటలు వెనక కుక్కించి పంపాడు. దారంతా సుగుణ ఒళ్ళో గోనె పెట్టుకుని, మధ్య మధ్య దాని మీద సీసాలో నీళ్ళు చిలకరిస్తూ కూర్చుంది.

దామోదరం గారు లాన్ మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు. పాదాలకి బురద అంటి ఎండిపోయింది. లాన్ పచ్చబడలేదు. చచ్చిన గడ్డి తడిసి, కుళ్ళిన వాసన వేస్తోంది.

"పచ్చబడతాదనుకున్నా" అన్నారాయన.

సుగుణ అరుస్తుందనుకున్నాను. ఆమె వంగి ఆయన పాదాలు తన కొంగుతో తుడిచి లోపలికి తీసుకెళ్ళింది.

సాయంత్రం మోటారు మెకానిక్ వచ్చి గొట్టాలు పైకి లాగాడు. మోటారు మాడిపోయింది. తన దగ్గరున్న ఇంకో మోటారు దించి చూశాడు. కాసిని ఎర్ర నీళ్ళు, తరువాత గాలి. మర్నాడు పొద్దున మళ్ళీ చూశాడు. గాలే.

"ఇది ఎట్లైనా పొయ్యే బోరేనమ్మా" అన్నాడు. "ఒక నెల ముందో ఎనకో." ఆ మాట ఊరట కోసం అన్నాడో, నిజమో తెలియదు. దామోదరం గారు కిటికీ దగ్గర కూర్చుని విన్నారు.

ఇంటికి ట్యాంకరు తెప్పించారు. అందులోంచి తీసుకోమని సుగుణ గోడ మీదుగా మునెమ్మని బతిమాలింది.

"మనుషులు తాగే నీళ్ళు కొని ఆవులకి పోస్తే, ఎన్ని దినాలు పోస్తావు?" అంది మునెమ్మ. "వద్దులే. నేను ఆగతానని చెప్పినా, ఆగినా. ఇంక ఆగేదానికి లేదు."

బేరగాడు చిన్న లారీ తెచ్చాడు. పడుచు ఆవు తేలిగ్గానే ఎక్కింది. పెద్దది లారీకి ఆనించిన పలక మీద కాలు పెట్టి ఆగిపోయింది. ఇద్దరు మనుషులు లాగారు, తోక మెలిపెట్టారు, అది కదల్లేదు. చివరికి మునెమ్మే లారీ ఎక్కింది. లోపల నిలబడి, "లచ్చిమీ, రామ్మా, రా" అని పిలిచింది, పాలకి పిలిచినట్టు. అది తలెత్తి చూసి, మెల్లగా పలక ఎక్కి ఆమె దగ్గరికి వెళ్ళింది. మునెమ్మ దాని మెడ నిమిరి, పలుపు బేరగాడి చేతికిచ్చి దిగింది. దామోదరం గారు రమణ భుజం పట్టుకుని గేటు దాకా వచ్చారు. నోరు తెరిచారు. మాట రాలేదు. రోగం వల్లో, మరెందువల్లో. మునెమ్మ ఆయన వైపు చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

లాన్ పీకడం పెద్ద పని కాలేదు. ఒక అంచు పట్టుకుని లాగితే దుప్పటిలా చుట్టుకొచ్చింది. అన్నేళ్ళు పోసిన నీళ్ళన్నీ ఆ పై మట్టిలోనే ఆగిపోయాయి కాబోలు. కింద నేల పలుగుకి కూడా లొంగనంత గట్టిగా, తెల్లగా ఉంది. కూలివాళ్ళు తవ్వారు, రమణ ఇసుక పరిచాడు, సుగుణ పొట్టు పోసింది. నేను ఒంటి చేత్తో బొక్కెనాకు రెమ్మలు వరసగా గుచ్చాను. వంటింటి నీళ్ళూ స్నానం నీళ్ళూ అటు పోయేలా కాలవ తీయించాం. ఆ నేలలో ఆకు నిలవాలంటే ఎరువు కావాలి. ఎక్కడ దొరుకుతుందని నేను సుగుణని అడుగుతుండగా గేటు చప్పుడైంది.

మునెమ్మ. నెత్తిన తట్ట, తట్ట నిండా ఎండిన పేడ ఎరువు. ఎవరినీ అడగకుండా రెమ్మల పక్కన కుమ్మరించి, మళ్ళీ వెళ్ళి ఇంకో తట్ట తెచ్చింది.

"కొట్టంలో ఊరికే పడుండాది" అంది. "ఇంక ఊడ్చేదానికి కూడా నాకు పని లేదు."

సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఊరికి బయల్దేరే రోజు పొద్దున దామోదరం గారిని నడవడానికి తీసుకొచ్చారు. ఆయన పొట్టు అంచున నిలబడి కాలు కదపలేదు. రమణ చెప్పాడు, సుగుణ చెప్పింది, నేనూ చెప్పాను. "వద్దు" అన్నారు. "నాకొద్దు." ఆ గొంతులో మొండితనం లేదు, భయం కూడా లేదు.

అప్పుడే మునెమ్మ గేటు ముందు నుంచి పోతోంది. చేతిలో టిఫిన్ డబ్బా, ఉతికిన చీర. బస్టాండు దగ్గర హోటల్లో గిన్నెలు తోమే పని కుదిరిందని అంతకు ముందు రోజే చెప్పింది. ఆయన్ని చూసి ఆగింది.

"నడువు నాయనా" అంది. "నీ కాళ్ళ కోసరం గదా ఇంత జరిగింది. నువ్వు నడవకపోతే ఎట్ల?"

దామోదరం గారు ఆమె వైపు చూశారు. ఈసారి ఆమె కూడా చూపు తిప్పలేదు. ఆయన కుడి కాలు పొట్టు మీద పెట్టారు. తరువాత ఎడమ కాలు లాక్కున్నారు. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోకుండా ఆ చివరి దాకా నడిచారు.

మునెమ్మ చివరి దాకా చూడలేదు. ఆమెకి పనికి వేళవుతోంది. నేను గేటు దాటి నాలుగడుగులు వెంట వెళ్ళి, పని కష్టమా అని అడిగాను.

"కష్టమేముండాది" అంది. "ఆడ కొళాయిలో నీళ్ళు నిండా వస్తాయంట."